రాత్రి వంట, రేపటి క్యారేజీ

(సంఘ సభ్యుల కుటుంబ సమావేశమున చదువబడిన ప్రసంగ పాఠము)



గడియారములు ఇండ్లలోనికి రాకపూర్వము తెలుగు పల్లెలలో ప్రొద్దుకు కొలత అన్నమే. ప్రొద్దు కొంత పైకెక్కిన సమయమును 'చద్దివేళ' యనెడివారు. రాత్రి అన్నములో గంజియో మజ్జిగయో పోసి మూతపెట్టి, తెల్లవారిన పిదప పిల్లలకు ఉల్లిపాయతోను ఊరగాయతోను పెట్టు వేళ యది. పసులకాపరి పిల్లలు ఆ చద్దినే మూటగట్టుకొని పోయెడివారు. 15వ శతాబ్దమున పోతనామాత్యుడు భాగవతమును తెనిగించుచు, దశమస్కంధమున గోపబాలురు శ్రీకృష్ణునితో కూడి చల్దులు కుడుచు ఘట్టమున, ఒకడు ఊరగాయలు తినుచు తోడివారి నూరించుటను, ఒకడు వేరొకని కంచములోనిది చప్పున లాగికొని మ్రింగుటను వర్ణించెను. పోర్ట్ బ్లెయిరులో ఏ పాఠశాల వరండాలోనైనను మధ్యాహ్నపు గంట మ్రోగిన పిదప నిలిచి చూచినచో అదే దృశ్యము కానవచ్చును. మూటకు బదులు ఉక్కు డబ్బా వచ్చినది; అంతియే భేదము.

ఆ డబ్బాను పెద్దలు క్యారేజీ యనుచున్నారు. హిందీ స్నేహితుల సావాసమున పిల్లలు టిఫిన్ అనుచున్నారు. పేరేదైనను, అది ఏ వేళ, ఎవరి చేతులమీదుగా, ఏ వంటతో నిండవలెననునదే నేటి ప్రసంగ విషయము. వినుటకిది చిన్న విషయము. కాని ఇంటిలో ఒక మనిషి నిద్ర, నెల జీతములో ఒక భాగము, బిడ్డ కడుపు, ఈ మూడును దానిపై ఆధారపడియున్నవి. రాత్రి వంటను ఇంటిల్లిపాదియు తృప్తిగా తినునట్లుగాను, అందులోనే మరునాటి క్యారేజీ సిద్ధమగునట్లుగాను వండుట ఒక నేర్పు. ఈ ద్వీపములలో అది నేర్పు మాత్రమే కాదు, అవసరము కూడ.

అందులకు మొదటి కారణము సూర్యుడు. భారత ప్రామాణిక కాలము తూర్పు రేఖాంశము 82½ డిగ్రీలను బట్టి నిర్ణయింపబడినది. పోర్ట్ బ్లెయిరు, అనగా శ్రీ విజయపురము అని పేరు మార్చుచున్నట్లు 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వము ప్రకటించిన ఈ పట్టణము, దాదాపు 92¾ డిగ్రీల వద్ద నున్నది. డిగ్రీకి 4 నిమిషముల చొప్పున లెక్కించినచో ఇచ్చటి సూర్యుడు గడియారముకంటె 41 నిమిషములు ముందుగా నడచుచున్నాడు. జూన్ నెలలో ఉదయము 5 గంటలకే ప్రొద్దు పొడుచును. నవంబరులో సాయంకాలము 5 గంటలు కాకుండగనే క్రుంకును. వెలుగు ముందుగా వచ్చుటచేత ఊరు పెందలకడ లేచును. చీకటి ముందుగా పడుటచేత రాత్రి భోజనమును పెందలకడనే ముగించును. ప్రధాన భూభాగమునుండి క్రొత్తగా బదిలీపై వచ్చిన కుటుంబము మొదటి నెలలో తడబడునది ఇచ్చటనే.

అట్టి యొక ఇంటిని ఊహించుకొనవచ్చును. భర్త కార్యాలయోద్యోగి, భార్య ఉపాధ్యాయిని, పిల్లలిద్దరు, క్వార్టరులో రెండు మంటల పొయ్యి యొకటి. ఏడు గంటలకెల్ల పిల్లలు బడికి బయలుదేరవలెను. పలహారము, అన్నము, పప్పు, కూర అన్నియు ఉదయమే వండవలెనన్నచో ఆ తల్లి నాలుగు గంటలకు లేవక తప్పదు. పండుగ నాడు లేచుట వేరు. సంవత్సరమున రెండువందలకు పైబడిన బడి దినములలో ప్రతిదినము లేచుట వేరు. అట్లు లేచిన మనిషి సాయంకాలమునకు సోలిపోవును. రాత్రి వంట మరల మొక్కుబడిగా సాగును. అనగా రెండు పూటల వంటయు చెడును. దీనికి బదులు రాత్రి ఒకే పొయ్యివేడిలో ఒక గరిటె ముందుచూపు జోడించినచో, ఉదయమున మిగులు పని యంతయు అరగంటలో ముగియును.

రెండవ కారణము ఓడ. చెన్నపట్టణమునుండి 1190 కిలోమీటర్లు, విశాఖపట్నమునుండి 1200, కలకత్తానుండి 1255 కిలోమీటర్ల సముద్రమును దాటి కందిపప్పు, ఉల్లిపాయ, బంగాళాదుంప, చింతపండు, ఎండుమిరప ఇచ్చటికి వచ్చుచున్నవి. సముద్రము పోటెత్తి ఓడ ఆలస్యమైన వారమున బజారులో ఉల్లిపాయ చూపు తీరే వేరు. కాకినాడలో పారవేసిన గిన్నెడు కూరకును, ఇచ్చట పారవేసిన గిన్నెడు కూరకును వెల ఒకటి కాదు. అయితే ఈ నేల కూడ గొడ్డుపోయినది కాదు. బచ్చలి, కంద, అరటి, బొప్పాయి, మునగ, పనస పెరళ్ళలోనే పెరుగును. కొబ్బరికి కొదువ లేదు. బర్మా ధనియా యని ఇచ్చటివారు పిలుచు పొడవాటి ఆకు కొత్తిమీర లేని లోటు తీర్చును. చేపల మాట చెప్పనక్కరలేదు. తెలుగింటి వంట ఓడకొరకు ఎదురుచూడక పెరటివైపు చూచిననాడు ఖర్చు సగము తగ్గును.

ఇచ్చటి తెలుగువారు 2011 జనాభా లెక్కల ప్రకారము నూటికి సుమారు 13 మంది. వారిలో పెక్కురు శ్రీకాకుళము, విజయనగరము, విశాఖపట్నము ప్రాంతములనుండి వచ్చినవారు. సముద్రమును నమ్ముకొనినవారు జంగ్లీఘాట్ వంటి చోట్ల తరములుగా స్థిరపడినారు. ఆ యిండ్లలో అవ్వలున్నారు. ఏ కూర నిలుచునో, ఏది నిలువదో వారి ముక్కే చెప్పును. బదిలీలపై వచ్చిన ఉద్యోగుల క్వార్టర్లలో అవ్వలు లేరు. ఈ ప్రసంగములోని మాటలు ముఖ్యముగా ఆ రెండవ తెగవారికొరకే.

అసలు చిక్కు ఇచ్చట నున్నది. రాత్రి 7 గంటలకు వండిన పదార్థము మరునాడు 11 గంటలకు బిడ్డ నోటికి చేరునన్నచో నడుమ 16 గంటలు గడచును. సంవత్సరమున సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురిసి, గాలి ఎల్లప్పుడు తేమతో బరువుగా నుండు ఊరిలో 16 గంటలు దీర్ఘకాలము. ఆహారమును చెరచు సూక్ష్మజీవులు 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును మధ్యనున్న వేడిలో వేగముగా వృద్ధిపొందును. ఇచ్చటి వంటయింటి గాలి ఏడాది పొడుగున ఆ రెంటి నడుమనే యుండును. కావున వండిన పదార్థము వేడిగానైనను ఉండవలెను, చల్లగానైనను ఉండవలెను. గోరువెచ్చగా మాత్రము గంటలకొలది ఉండరాదు.

అందరు నిరపాయమనుకొను అన్నమే అన్నింటికంటె జాగ్రత్త కోరునది. బియ్యమున బాసిల్లస్ సీరియస్ అను సూక్ష్మజీవి బీజరూపమున నిద్రించుచుండును. అన్నము ఉడికినను ఆ బీజములు చావవు. అన్నము గిన్నెలో అట్లే మూతవేసి రాత్రియంతయు ఉంచినచో అవి మేల్కొని పెరిగి విషమును విడుచును. ఉదయమున ఎంత వేడిచేసినను ఆ విషము విరుగదు. బడిలో పిల్లవాడు వాంతి చేసికొనగా, తల్లి కూరను తిట్టుకొనును, నూనెను తిట్టుకొనును, అన్నమును అనుమానింపదు.

అట్లైనచో చద్దన్నము తిని పెరిగిన తరములు ఎట్లు బ్రదికినవని అడుగవచ్చును. చద్ది వేరు, మిగిలిన అన్నము వేరు. నీటిలోనో మజ్జిగలోనో మునిగిన అన్నము రాత్రియంతయు పులియును. ఆ పులుపును పుట్టించు జీవులు మేలుచేయునవి. వాని పులుపులో చెరుపుచేయు జీవులకు తావు తగ్గును. బెంగాలీల పాంతాభాత్, ఒరియావారి పఖాళ, తమిళుల పళయ సోరు, మలయాళీల పళంకంజి ఈ కుటుంబమునకు చెందినవే. ఆ భాషలవారందరును ఇచ్చట ఇరుగుపొరుగులే. కాని చద్ది ఇంటివద్ద, చద్దివేళకే తినవలసినది. దానిని డబ్బాలో మూసి మరి నాలుగు గంటలు ఎండలో త్రిప్పుట తగదు. ఆ అన్నము బడికి పోవు బిడ్డ కడుపులో పోవలెనే కాని సంచిలో పోరాదు.

కాబట్టి మొదటి ఏర్పాటు ఇది: క్యారేజీకి అన్నము ఉదయమే వండవలెను. ప్రెజర్ కుక్కరులో అది పావుగంట పని, మనిషి నిలువనక్కరలేదు. కూర, పప్పు, పులుసు గుజ్జు, వేపుడు రాత్రి వంటలోనివే కావచ్చును. వానిని వండిన రెండు గంటలలోపల వెడల్పాటి గిన్నెలో ఆర్చి ఫ్రిజ్‌లో పెట్టి, ఉదయము పొగలు వచ్చునట్లు మరిగించి సర్దవలెను. రాత్రి చాలసేపు విద్యుత్తు ఆగిపోయినచో ఆ నాటికి ఆ కూరను మరచిపోయి, నిమ్మకాయ పిండి పులిహోర కలిపి పంపుట మేలు.

రెండవ ఏర్పాటు ఇంకను ముఖ్యమైనది. దానిని గూర్చి కొంత నిదానముగా చెప్పవలసియున్నది. క్యారేజీ భాగమును భోజనమునకు కూర్చొనక ముందే తీసి వేరుగా పెట్టవలెను. అందరు తినగా మిగిలినదానిని ఎత్తిపెట్టుట వేరు, ముందు తీసిపెట్టుట వేరు. తెలుగువారికి 'ఎంగిలి' యను మాట కలదు. ఈ మాట అమ్మమ్మల కాలమున ఎంత నిర్బంధముగా నుండెనో, దానిలో మితిమీరిన భాగమెంతయో అందరెరుగుదురు. కాని దాని నడుమ ఒక చక్కని బుద్ధి దాగియున్నది: తినుచున్న చేయి తగిలిన గరిటె గిన్నెలోనికి మరల పోరాదు. పళ్ళెమునకు గిన్నెకు తిరిగిన గరిటెతో నోటి తడియు, చేతి తడియు కూరలో చేరును. ఆ కూర తెల్లవారులు నిలువదు. ముందు తీసిన భాగమునకు ఆ భయము లేదు.

అంతకుమించి బిడ్డ మనసు కలదు. "రాత్రి మిగిలినదే పెట్టితిని, సర్దుకో" అని తల్లి యనిన క్యారేజీని పిల్లవాడు బడిలో ఒడిలో దాచుకొని తినును. "ఇది నీకొరకు ముందే తీసియుంచితిని" అనిన క్యారేజీని నలుగురి నడుమ మూత తీయును. కూర ఒక్కటే, గిన్నె ఒక్కటే. ఈ మాట చెప్పుటకు ఖర్చు లేదు. కాని ముందు తీయుట నిజముగా జరిగిననే ఆ మాట నిజమగును. పిల్లలు దీనిని కనిపెట్టుదురు.

ముందు తీయుటలో మరియొక సౌకర్యము కారము సంగతి. ఉత్తరాంధ్ర పెద్దలకు కారము చాలనిచో అన్నము దిగదు. ఏడేండ్ల బిడ్డకు అంత కారము పనికిరాదు. పిల్లల కారమునకు ఇంటి వంటనంతయు చప్పగా చేయుట పెద్దలకు శిక్ష. కూర ఉడికిన పిదప, రెండవ విడత కారము పడకమునుపే పిల్లల పాలు తీసివేసినచో రాత్రి భోజనము పెద్దలకు భోజనముగానే యుండును.

ఇక ఏ వంటలు ఈ రెండు పనులకు ఒదుగును? పులుపున్నవి, తడి తక్కువైనవి, పోపు పడినవి ఒదుగునని స్థూలముగా చెప్పవచ్చును. వివరములలోనే రుచి యున్నది.

రాత్రి బెండకాయ పులుసు పెట్టు ఇంట చింతపండు రెండింతలు నానబెట్టవలెను. సగము పులుసులోనికి పోవును. తక్కిన సగమును ప్రక్క మంటమీద నూనె, పసుపు, ఉప్పు, పచ్చిమిరప, కరివేపాకుతో నూనె పైకి తేలువరకు ఉడికించి సీసాకెత్తినచో, అది ఫ్రిజ్‌లో రెండు వారములు చెక్కుచెదరదు. ఉదయము వేడి అన్నమును పళ్ళెములో ఆరబోసి, ఈ గుజ్జు, ఆవాలు, శనగపప్పు, వేరుసెనగలు, ఇంగువ వేసిన పోపు కలిపినచో ఐదు నిమిషములలో పులిహోర. గుడిలో ప్రసాదముగా పులిహోరను ఎంచుకొనిన పూర్వులకు దాని నిలువ గుణము తెలియకపోలేదు. చింతపండు ఆమ్లము, నూనె పూత రెండును దానికి కాపలా. జపానులో తల్లులు బిడ్డల బెంతో పెట్టెలో తెల్లని అన్నము నడుమ ఉప్పులో ఊరిన ఉమె అను పుల్లని కాయనొకదానిని పెట్టుదురు. రుచికొరకును, అన్నము చెడకుండుటకొరకును అని చెప్పుదురు. క్యారేజీ మూలను నిమ్మకాయ ఊరగాయ ముక్క పెట్టు తెలుగు తల్లియు అదే పని చేయుచున్నది.

కంద బచ్చలి ఈ ద్వీపములకొరకే పుట్టినదా యనిపించు కూర. రెండును ఇచ్చటి నేలలో పెరుగును; రెండింటికిని ఓడతో పనిలేదు. కందముక్కలను బచ్చలితో కలిపి చింతపండు పులుసులో మెత్తగా ఉడికించి, పోపు వేసి, దించిన పిదప ఆవ పెట్టవలెను. చింతపండు కంద దురదను తీర్చును. ఆవ రాత్రికంటె తెల్లవారునప్పటికి ఘాటెక్కును. అందుచేత పిల్లల పాలులో ఆవ సగమే కలుపుట మంచిది. రాత్రి పెద్దలు వేడి అన్నములో తిన్నదే, మధ్యాహ్నము చల్లారిన అన్నములో ఇంకను రుచిగా నుండును. చల్లారిన పిదప రుచి పెరుగు కూరలు చాల తక్కువ. క్యారేజీకి వానినే వెదకవలెను. పనసపొట్టు ఆవ కూర అట్టి మరియొకటి.

పప్పు విషయమున ఒక కుండలో రెండు వంటలు తీయవచ్చును. కందిపప్పును బచ్చలాకుతోనో మామిడికాయతోనో గట్టిగా ఉడికించి, పిల్లల పాలు ముద్దగా తీసివేసి, తక్కినదానిలో చింతపండు నీరు, మునగకాడలు, బెల్లపు ముక్క వేసి మరిగించినచో రాత్రికి పప్పుపులుసు. ముద్దగా తీసినది ఉదయము మరిగించి, నెయ్యి వేసి, అన్నములో కలిపి డబ్బాలో అదిమినచో ఒలకదు, సంచి తడవదు. అయితే పప్పు త్వరగా పాడగు పదార్థము. రాత్రి అది ఫ్రిజ్‌కు చేరనిచో మరునాడు దానిని తలపరాదు.

దద్దోజనము మాట కూడ చెప్పవలెను. పెరుగుతో కలిపి పంపిన అన్నము ఇచ్చటి ఉక్కలో మధ్యాహ్నమునకు పుల్లగా మారి, పిల్లవాడు మూతి ముడుచును. గోరువెచ్చని అన్నములో కాచి చల్లార్చిన పాలు పోసి, ఒక చెంచా పెరుగు మాత్రము కలిపి, అల్లము, కరివేపాకు పోపు వేసి పంపినచో, అది డబ్బాలోనే తోడుకొని తినువేళకు తియ్యని పెరుగన్నమగును. ఎండ సాయపడు వంట ఇదొక్కటే.

మినపపిండితో దిబ్బరొట్టె కాల్చిన రాత్రి ఇల్లంతయు పండుగ. మందపాటి మూకుడులో నూనె వేసి, పిండి మందముగా పోసి, మూతపెట్టి సన్నని సెగను కాల్చిన రొట్టె పైన కరకరలాడుచు లోపల దూదివలె నుండును. దానిలో పావుభాగము తీసియుంచి ఉదయము పెనముమీద వెచ్చజేసి ముక్కలుగా కోసి పంపవచ్చును. చేయి కడుగుకొనుటకు బద్ధకించు పిల్లలకిది వరము.

కొబ్బరి ఇచ్చట చవుక గనుక ప్రతి క్యారేజీలోను కొబ్బరి పచ్చడి పెట్టవలెనను ఆశ పుట్టును. అది వలదు. పచ్చికొబ్బరి పచ్చడివలె త్వరగా చెడునది అరుదు. అదే కొబ్బరిని ఎండబెట్టి, ఎండుమిరప, జీలకర్ర, వెల్లుల్లితో వేయించి పొడికొట్టినచో కొబ్బరికారము వారముల తరబడి నిలుచును. నీరెక్కువైన కూరలు, మజ్జిగపులుసు, ఉల్లిపాయ పచ్చిగా కలిపిన ముద్దకూరలు రాత్రి భోజనముతోనే తీరిపోవలెను.

చేపల సంగతి ఈ ఊరిలో చెప్పకుండుట కుదరదు. మాంసాహారుల ఇండ్లలో చేపల పులుసు మరునాడే రుచి యనుట అందరి యనుభవము. ఆ రుచి ఇంటివద్ద తిను పెద్దలకు వదలి, బిడ్డ డబ్బాలోనికి వేపుడు ముక్క పంపుట తగును. ముల్లు తక్కువైన వంజరము అందులకు శ్రేష్ఠము. బజారులో దానిని సురమై యందురు. సూర, కానాగంత జాతులలో ఒక ప్రమాదము కలదు. అవి పట్టిన పిదప మంచు లేక ఎండవేడికి నిలిచినచో వాని మాంసమున హిస్టమిన్ అను పదార్థము పుట్టును. వేయించినను, ఉడికించినను, మంచులో పెట్టినను అది పోదు. తిన్న కొలది సేపటికే ముఖము ఎర్రబారి, దురద, తలనొప్పి పుట్టును. ఇంటివారు చేప పడలేదనుకొందురు. కావున ఈ చేపలను మంచుమీద నుంచి అమ్మువానివద్దనే కొని, ఆ సాయంకాలమే వండి, పిల్లల పాలు గంటలోపల ఫ్రిజ్‌కు చేర్చవలెను. సంధ్యవేళ చవుకగా వచ్చినదని మంచు లేని సూరను తెచ్చి మరునాటి డబ్బాకు వేయించుట లాభసాటి బేరము కాదు.

డబ్బాలో ఎంత పెట్టవలెననునది తల్లులందరిని వేధించు ప్రశ్న. 1918లో కూనూరులో ఒక చిన్న పరిశోధనశాలగా మొదలై, 1958లో హైదరాబాదుకు తరలిన జాతీయ పోషకాహార సంస్థ లెక్కప్రకారము 7 మొదలు 9 ఏండ్ల బిడ్డకు దినమునకు సుమారు 1700 కేలరీలు కావలెను. అందులో మూడవ వంతు మధ్యాహ్నమునకు చెందును. నూరు గ్రాముల బియ్యము సుమారు 350 కేలరీల నిచ్చును; పిడికెడు పప్పు, ఒక కూర, రెండు చెంచాల నూనెయో నెయ్యియో చేరినచో లెక్క సరిపోవును. అన్నములో తక్కువైన మాంసకృత్తుల భాగము పప్పులో నున్నది, పప్పులో తక్కువైనది అన్నములో నున్నది. కావున పప్పన్నము విడివిడిగా తిన్నదానికంటె కలిపి తిన్నప్పుడు బలము. పులిహోర పంపిన నాడు వేరుసెనగలు ఉదారముగా వేయవలెననుట అందుకే.

బడిపిల్లల మధ్యాహ్న భోజనము ప్రభుత్వ విషయముగా కూడ పాతదే. 1920లో పిట్టి త్యాగరాయ చెట్టి అధ్యక్షుడుగా నున్న కాలమున మద్రాసు కార్పొరేషను థౌజండ్ లైట్స్ పాఠశాలలో పిల్లలకు ఉచితముగా ఆహారమిచ్చుట ప్రారంభించెను. 1995 ఆగస్టు 15న జాతీయ పథకము వచ్చెను. వండిన అన్నమే పెట్టవలెనని 2001లో సుప్రీము కోర్టు ఆదేశించెను. 2021లో దానికి పీఎం పోషణ్ అని పేరు పెట్టిరి. ప్రాథమిక తరగతులకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ప్రాథమికోన్నత తరగతులకు 700 కేలరీలు, 20 గ్రాములు అందులోని కొలత. ఇంటి డబ్బాకును అది మంచి కొలబద్దయే. 1963లో బదిలీ ఉద్యోగుల బిడ్డలకొరకు మొదలైన కేంద్రీయ విద్యాలయములలో చదువు పిల్లలు, ఎనిమిదవ తరగతి దాటినవారు ఇంటి క్యారేజీపైననే ఆధారపడుదురు.

ఇంతవరకు తల్లి యనియే చెప్పబడినది. అది వాడుకచేతనే కాని న్యాయముచేత కాదు. రాత్రి వంట ఆమె చేసిన ఇంట, ఆర్చుట, సర్దుట, ఉదయము కుక్కరు పెట్టుట మరియొకరు చేయవచ్చును. కార్యాలయమున ఫైళ్ళను ముందురోజే సిద్ధపరచు నేర్పుగల ఉద్యోగికి మూడు గిన్నెలు ఆర్చి మూతపెట్టుట అలవికాని పని కాదు. పదేండ్లు దాటిన పిల్లలు తమ డబ్బాను తామే నింపుకొనినచో, పెట్టినది తినలేదను ఫిర్యాదు కూడ తగ్గును.

డబ్బా సర్దుటలో ఒక్క పొరపాటు అందరిండ్ల జరుగును. పొగలు చిమ్ము అన్నమును డబ్బాలో నింపి వెంటనే బిగించుదురు. ఆవిరి మూతకు తగిలి నీరై అన్నములో పడును. ఆ తడిలో అన్నము నాలుగు గంటలకే జిగురెక్కును. ఆవిరి పోవువరకు ఆర్చి పిదప మూయవలెను. వేడి నిలుపు ఫ్లాస్కు డబ్బా ఉన్నవారు మాత్రము దానిలో ముందుగా మరుగునీరు పోసి ఐదు నిమిషములుంచి, పారబోసి, మరుగుచున్న పదార్థమునే నింపవలెను. గోరువెచ్చనిది నింపినచో ఆ డబ్బా మేలుకంటె కీడే చేయును.

సాయంకాలము తిరిగివచ్చిన డబ్బాను మూత తీసి చూచుట మరువరాదు. కూర తిని అన్నము మిగిల్చెనా, అన్నము తిని కూర మిగిల్చెనా, ప్రక్కవాని పూరీ మూలుగు ఏమైన నున్నదా యని చూచినచో ఆ రాత్రి ఏమి వండవలెనో సగము తెలియును. తరువాత మూతలోని రబ్బరు చుట్టను వేలితో లాగి తీసి, దాని గాడిలో చిక్కిన నూనెను, మెతుకులను వేడినీటితో కడిగి, రబ్బరును విడిగా ఆరబెట్టవలెను. ఎంత కడిగినను డబ్బా వాసన పోలేదను ఇండ్లలో వాసన ఆ గాడిలోనిదే.